పంపిన లెన్స్ వేరు, రిటర్న్‌లో వచ్చింది వేరు. సీరియల్ నంబర్ మాత్రం నాదే. ఎలా నిరూపించాలి?

పాతలెన్స్ (అడిగినవారు)

నాలుగేళ్ళుగా పాత కెమెరా లెన్సులు కొని, విప్పి, శుభ్రం చేసి, గ్రీజు మార్చి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. రిటర్నులు నాకు కొత్త కాదు. "మౌంట్ తప్పు కొన్నానండి" (మౌంట్ అంటే లెన్స్ కెమెరాకు బిగిసే భాగం) అని నిజం చెప్పి వెనక్కి పంపినవాళ్ళున్నారు, కొరియర్‌లో దెబ్బ తిన్నవీ ఉన్నాయి. అలాంటి వాటికి నేను ఒక్క మాట అనకుండా డబ్బు తిరిగిచ్చాను. ఈసారి జరిగింది మాత్రం వేరు. మూడు రోజులుగా నిద్ర లేదు.

లెన్స్ పేరు సూపర్ టకుమార్, 50 ఎంఎం, ఎఫ్ 1.4. 1964లో వచ్చిన మొదటి రకం, లోపల ఎనిమిది ఎలిమెంట్లు, అంటే విడివిడి గాజు కటకాలు, ఉంటాయి. దాని తర్వాత వచ్చింది ఏడు ఎలిమెంట్ల రకం. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, ముందు రింగ్ మీద పేరు కూడా ఒకటే. కానీ ఏడు ఎలిమెంట్ల దాంట్లో థోరియం అనే రేడియోధార్మిక లోహం కలిపిన గాజు వాడారు, అది ఏళ్ళు గడిచేకొద్దీ టీ డికాక్షన్ రంగుకు తిరుగుతుంది. ఎనిమిది ఎలిమెంట్ల దాంట్లో థోరియం లేదు కాబట్టి ఆ పసుపు రాదు. పోగుచేసేవాళ్ళు వెతికేది దీన్నే. నాలుగేళ్ళలో నా చేతికి వచ్చింది ఇదొక్కటే. అపర్చర్ బ్లేడ్ల మీద పాకిన నూనె తుడవడానికే రెండు ఆదివారాలు పట్టింది. లిస్టింగ్‌లో 14 ఫొటోలు పెట్టాను.

కొనేముందు బయ్యర్ ఒక మెసేజ్ పెట్టాడు: "ముందున్న పేరు రింగ్ ఒరిజినలేనా? విప్పితే సులువుగా వస్తుందా?" విషయం తెలిసినవాడు దొరికాడని సంబరపడ్డాను. సీరియల్ నంబర్ ఉండేది ఆ రింగ్ మీదేనని, రబ్బరు బిరడా లాంటిది ఆనించి తిప్పితే వచ్చేస్తుందని, జాగ్రత్తగా చేయమని ఇంత పొడుగు జవాబు రాశాను. దొంగ చేతికి నేనే తాళం ఇచ్చాను.

తొమ్మిదో రోజు రిటర్న్ రిక్వెస్ట్ వచ్చింది. కారణం: "వివరణకు తగినట్టు లేదు." కింద ఒకే వాక్యం: "గాజు పసుపుగా ఉంది." సైట్ దానంతటదే ఒప్పేసుకుంది. కొరియర్‌వాడు పార్సిల్ తీసుకుని స్కాన్ చేయగానే రీఫండ్ వెళ్ళిపోయింది. పార్సిల్ నా ఇంటికి రావడానికి ఇంకా నాలుగు రోజులుంది.

వచ్చింది. పెట్టె నాదే, బబుల్ షీట్ నాదే, వెనక మూత నాదే. రింగ్ మీద నంబర్ నాదే. ఫోకస్ తిప్పాను, గుండె జారింది. నేను చిక్కటి గ్రీజు వేస్తాను, ఫోకస్ బరువుగా, మెత్తగా తిరగాలి. ఇది గరగరలాడుతూ వదులుగా తిరిగింది. తెల్ల కాగితం మీద పెడితే కాగితం పసుపుగా కనిపించింది. ఇంకొకటి కూడా ఉంది. డెప్త్ స్కేల్ (ఎంత దూరం వరకు ఫోకస్‌లో ఉంటుందో చూపే అంకెల పట్టీ) మీద ఇన్‌ఫ్రారెడ్ ఫొటోల కోసం ఒక ఎర్ర గుర్తు ఉంటుంది. ఎనిమిది ఎలిమెంట్ల దాంట్లో అది 4 అంకెకు కుడివైపు, ఏడు ఎలిమెంట్ల దాంట్లో ఎడమవైపు. దీంట్లో ఎడమవైపు ఉంది.

అంటే నా లెన్స్ ఉంచుకుని, దాని రింగ్ విప్పి తన ఏడు ఎలిమెంట్ల లెన్స్‌కు బిగించి పంపాడు. క్లెయిమ్ పెట్టాను. మూడు పేజీలు రాశాను. ఆరు గంటల్లో జవాబు: "రిటర్న్ అయిన వస్తువు సీరియల్ నంబర్ మీ లిస్టింగ్‌లోని నంబర్‌తో సరిపోయింది. క్లెయిమ్ మూసివేయబడింది." అప్పీల్‌కు ఒక్క అవకాశం, ఏడు రోజుల గడువు.

ఏం రాయాలి? ఎవరైనా ఇలాంటి దాంట్లో గెలిచారా? డబ్బు పోయిందన్న బాధ ఒకటైతే, చేత్తో బాగుచేసిన వస్తువు ఒక మోసగాడి అల్మరాలో ఉందన్నది ఇంకా ఎక్కువ కాలుస్తోంది.

మెరుపు22

అన్నా, చదువుతుంటే నాకే రక్తం మరిగింది. వాడి పేరు, అడ్రస్, ఫోన్ నంబర్ నీ దగ్గర ఉంటాయి కదా. లెన్సుల గ్రూపులన్నిటిలో పెట్టెయ్. సిగ్గుతోనైనా తిరిగి పంపుతాడు.

క్లెయిమ్‌డెస్క్

మెరుపు22 గారూ, ఆ పని అస్సలు వద్దు. అమ్మకం కోసం వచ్చిన అడ్రస్ బయట పెడితే ముందు మూతపడేది సెల్లర్ అకౌంటే, ఆ తర్వాత ఏ అప్పీలూ ఉండదు. పైగా ఆ అడ్రస్‌లో ఉన్నది ఆ మనిషే అని కూడా చెప్పలేం. ఇలాంటివాళ్ళు చాలాసార్లు వేరేవాళ్ళ ఇంటికి తెప్పించుకుంటారు.

పాతలెన్స్ గారూ, నేను మూడేళ్ళు ఒక చోట ఈ క్లెయిములు చూసే ఉద్యోగం చేశాను. ఎక్కడన్నది వదిలేయండి. మీ కాగితం అందుకునే మనిషి ఎలా చూస్తాడో చెబుతాను, అప్పుడు ఏం రాయాలో మీకే తెలుస్తుంది.

ఆ మనిషికి లెన్సుల గురించి ఏమీ తెలియదు. మీ ముందు చెప్పుల కేసు చూశాడు, మీ తర్వాత మిక్సీ చూస్తాడు. మీకు దక్కేది కొన్ని నిమిషాలు. మూడు పేజీలు రాస్తే మొదటి పేరా, ఫొటోలు, అంతే. వస్తువు మార్చారా లేదా అని తేల్చడానికి అతనికి నేర్పిన గట్టి ఆధారం సీరియల్ నంబర్. నంబర్ వేరైతే సెల్లర్ పక్షం, ఒకటైతే బయ్యర్ పక్షం. మీ కేసులో నంబర్ ఒకటే, మూసేశాడు. అతను తప్పు చేయలేదు, అతనికి చెప్పిన పని చేశాడు.

కాబట్టి అప్పీల్‌లో మీరు ముందు కొట్టాల్సింది ఆ నంబర్ మీద అతనికున్న నమ్మకాన్ని. మొదటి వాక్యమే ఇలా ఉండాలి: "ఈ లెన్స్‌లో సీరియల్ నంబర్ ఉన్నది ముందు రింగ్ మీద మాత్రమే, ఆ రింగ్ నిమిషంలో విప్పి మరో లెన్స్‌కు బిగించవచ్చు." దాని కింద రింగ్ విప్పి పక్కన పెట్టిన ఫొటో కావాలి. కానీ ఆ ఫొటో కోసం తిరిగొచ్చిన లెన్స్ రింగ్ విప్పకండి! మీ దగ్గరున్న ఇంకో టకుమార్‌తో తీయండి. వచ్చినదాన్ని వచ్చినట్టే ఒక కవర్లో పెట్టి, ముట్టుకోకుండా ఉంచండి. రేపు "సెల్లరే విప్పి మార్చాడు" అన్న మాట రాకూడదు.

తర్వాత రెండు ఫొటోలు పక్కపక్కన, ఒకే కోణంలో, ఎర్ర గుర్తు మీద బాణం పెట్టి. లిస్టింగ్‌లో గుర్తు 4కు కుడివైపు, వచ్చినదాంట్లో ఎడమవైపు. "ఫ్యాక్టరీలో చెక్కిన గుర్తు స్థానం మారదు" అని ఒక్క వాక్యం చాలు. చెప్పులు చూసే మనిషికి కూడా కుడి ఎడమలు తెలుస్తాయి.

మోసం, దొంగ, చీటింగ్ అన్న మాటలు వాడకండి. మీకు న్యాయం లేదని కాదు. ఆ మాట కనపడగానే ఫైల్ వేరే టీమ్‌కు వెళ్తుంది, వాళ్ళు అకౌంట్ల సంగతి చూస్తారు గానీ మీ డబ్బు సంగతి చూడరు. "తిరిగి వచ్చింది పంపిన వస్తువు కాదు" అనండి.

ఎర్ర గుర్తు కనపడే ఫొటో మీ 14లో ఉందా?

పాతలెన్స్

ఉందండి! ఆరో ఫొటో, పైనుంచి తీసింది. గుర్తు 4కు కుడివైపు స్పష్టంగా ఉంది. తిరిగొచ్చినదాన్ని విప్పి చూద్దామని స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకున్నాను, మీ మాట చదివి పక్కన పెట్టేశాను.

కొనేవాడు

నన్ను తిట్టకండి, బయ్యర్ వైపు నుంచి ఒక మాట. నాకు ఒకసారి ఫొటోలో ఉన్న గడియారం ఒకటి, పెట్టెలో వచ్చింది ఒకటి. సెల్లర్ మంచి గడియారం ఫొటో పెట్టి వేరేది పంపాడు. సైట్ నా మాట నమ్మబట్టే డబ్బు వచ్చింది.

మీ బయ్యర్ కూడా అదే అంటే? "ఫొటోలో ఉన్నది ఎనిమిది ఎలిమెంట్లదే, నాకు పంపింది మాత్రం రింగ్ మార్చిన ఏడు ఎలిమెంట్లది" అంటే? మీ ఆరో ఫొటో అతని వాదనకు కూడా సరిగ్గా సరిపోతుంది. ఫొటో మీ దగ్గర మంచి లెన్స్ ఉందని చెబుతుంది, మంచి లెన్స్ పంపారని చెప్పదు.

పాతలెన్స్

తిట్టను. నిజం చెప్పాలంటే మీ మాట చదివాక అరగంట అలా కూర్చుండిపోయాను. మీరన్నది సబబే. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీశాను, కట్టేటప్పుడు తీయలేదు. నాలుగేళ్ళుగా వచ్చే వాటికే వీడియో తీస్తున్నాను, పోయేవాటికి ఎప్పుడూ తీయలేదు. బరువుతో ఏమైనా తేలుతుందా అని చూశాను, రెండు రకాలకూ తేడా కొన్ని గ్రాములే, కొరియర్ రసీదులో అది కనపడదు.

క్లెయిమ్‌డెస్క్

కొనేవాడు గారు అడిగింది అసలు ప్రశ్న. ఇలాంటి కేసుల్లో సెల్లర్లు ఓడేది ఇక్కడే. అందరూ విప్పే వీడియో మీదే ఆధారపడతారు. అది పెట్టెలో ఏం వచ్చిందో చెబుతుంది, అంతే. బరువు సంగతీ అంతే. 2019లో స్పెయిన్‌లోని మల్లోర్కాలో ఒకతను వస్తువు బరువుకు సరిగ్గా తూచి మట్టి నింపిన పెట్టెలు అమెజాన్‌కు వెనక్కి పంపిన కేసు పత్రికల్లో వచ్చింది. గోడౌన్‌లో తూకం సరిపోయిందంటే రీఫండ్ వెళ్ళిపోయేది.

కానీ మీ దగ్గర ఒకటుంది, మీరు దాన్ని మీ తప్పుగా చూస్తున్నారు. కొనేముందు వచ్చిన ఆ మెసేజ్! "రింగ్ సులువుగా వస్తుందా?" అని అడిగింది బయ్యర్. అది మీ కంప్యూటర్‌లో కాదు, సైట్ సొంత రికార్డులో తేదీతో సహా ఉంది. మీరు దిద్దగలిగేది కాదు. ఒక్క ఆ ప్రశ్నతో దోషం తేలదు, నిజమైన కలెక్టర్ కూడా అలాగే అడుగుతాడు. కానీ ఎర్ర గుర్తు తేడా పక్కన ఆ మెసేజ్ పెట్టి చూస్తే చదివేవాడు ఆగుతాడు. దాంతోపాటు ఇంకో సంగతి. రింగ్ ఎలా విప్పాలో అంత వివరంగా రాసిచ్చిన సెల్లర్, తానే రింగ్ మార్చి పంపుతాడా? ఆ మాట మీరు రాయకండి, రెండు మెసేజ్‌లూ పూర్తిగా అతికించండి. చదివేవాడికే తడుతుంది.

బయ్యర్ కారణం కూడా చూడండి. "పసుపుగా ఉంది" అన్నాడు గానీ "ఏడు ఎలిమెంట్ల లెన్స్ పంపారు" అనలేదు. రింగ్ గురించి అడిగేంత తెలిసిన మనిషి పెట్టె విప్పగానే చూసేది ఎర్ర గుర్తునే. మోసపోయిన కలెక్టర్ మొదట అరిచేది దాని గురించే.

గామా

థోరియం పేరు కనపడి ఆగాను. నాకు లెన్సుల వ్యాపారం లేదు, రేడియేషన్ కొలిచే పరికరాలతో పని.

పసుపు మీద ఆధారపడొద్దండి. అతినీల లోహిత కాంతి కింద, అంటే యూవీ బల్బు కిందో ఎండలోనో, కొన్ని రోజులు ఉంచితే ఆ రంగు చాలావరకు పోతుంది. రేపు ఎవరైనా "పసుపు ఎక్కడుంది?" అంటారు. రంగు పోతుంది గానీ థోరియం పోదు. థోరియం 232 అర్ధాయువు, అంటే అది సగానికి తరగడానికి పట్టే కాలం, దాదాపు 1,400 కోట్ల సంవత్సరాలు. తిరిగొచ్చిన లెన్స్ దగ్గర రేడియేషన్ కొలిచే మామూలు గైగర్ కౌంటర్ పెట్టినా రీడింగ్ గదిలో ఉండే మామూలు స్థాయి కంటే బాగా పైకి లేస్తుంది. ఎనిమిది ఎలిమెంట్ల రకం దగ్గర లేవదు. ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో అడిగితే పది నిమిషాల పని. లెన్స్ విప్పనక్కర్లేదు, కవర్లోంచి తీయనక్కర్లేదు. ముందు ఖాళీ బల్ల మీద రీడింగ్, తర్వాత లెన్స్ పక్కన రీడింగ్, ఒకే వీడియోలో తీయండి.

పాతలెన్స్

నాలుగేళ్ళుగా ఈ లెన్సులు విప్పుతున్నాను, ఇది తట్టలేదు. రేపే వెళ్తాను. ఇంకొకటి గుర్తొచ్చింది. లిస్టింగ్‌లో "కొత్త గ్రీజు వేశాను" అని రాశాను, విప్పి ఉన్నప్పుడు తీసిన ఫొటో కూడా పెట్టాను. వచ్చినదాంట్లో స్క్రూల తలలు ఒక్కటీ తాకని స్థితిలో ఉన్నాయి, దశాబ్దాల నాటి మట్టి గాడిలో అలాగే ఉంది. దీన్ని ఎవరూ ఎప్పుడూ విప్పలేదు.

బోర్డులమ్మి

నేను వాడిన కంప్యూటర్ భాగాలు అమ్ముతాను. మీకు జరిగింది నాకు గ్రాఫిక్స్ కార్డులతో జరుగుతుంది. మంచి కార్డు కొని, తమ దగ్గర చచ్చిన అదే మోడల్ కార్డుకు నా స్టికర్ అతికించి పంపుతారు. మొదటి రెండుసార్లు ఏడ్చాను. అప్పట్నుంచి ఏం చేస్తున్నానో చెబుతాను, మీ దానికి తగ్గట్టు మార్చుకోండి.

నంబర్ ఉన్న చోటును నమ్మను, విప్పలేని చోట నా గుర్తు పెడతాను. యూవీ పెన్‌తో బోర్డు మీద చిన్న గీత, మామూలు వెలుతురులో కనపడదు. లెన్స్‌కైతే మౌంట్ వైపు లోహం మీద పెట్టొచ్చేమో, మీకే బాగా తెలుస్తుంది. లిస్టింగ్‌లో ఆ గుర్తు చూపించను, చూపిస్తే చెరిపేస్తారు. కట్టేటప్పుడు ఒకే వీడియో, మధ్యలో ఆపకుండా: నంబర్, యూవీ టార్చ్ కింద గుర్తు, పెట్టెలో పెట్టడం, టేపు, లేబుల్, తూకం. కెమెరా ఆ వస్తువు మీదనుంచి ఒక్క క్షణం కూడా పక్కకు పోకూడదు. పోయిందా, "అక్కడ మార్చాడు" అంటారు. విప్పేటప్పుడు మళ్ళీ అదే వరుస వెనకనుంచి. కొనేవాడు గారి ప్రశ్నకు జవాబు ఇదొక్కటే అని నా నమ్మకం.

కొంతమంది రింగ్ మీంచి పలుచని సీల్ వేసి "చింపితే రిటర్న్ లేదు" అని రాస్తారు. "వివరణకు తగినట్టు లేదు" అన్న కారణం పెడితే చాలా సైట్లలో ఆ మాట నిలవదు. నేను సీల్ వేస్తాను, కానీ ఆధారంగానే, షరతుగా కాదు.

ఇంకో హెచ్చరిక. అప్పీల్ నెగ్గినా పని అయిపోదు. బయ్యర్ కార్డుతో చెల్లించి ఉంటే తన బ్యాంకుకు వెళ్ళి మళ్ళీ డిస్ప్యూట్ వేయగలడు. వీసా కార్డుల నిబంధనల్లో "వివరణకు తగినట్టు లేదు" అన్నదానికి విడిగా కోడ్ ఉంది, 13.3. మామూలుగా 120 రోజుల గడువు ఉంటుంది. అన్ని రోజులూ ఆ లెన్స్‌ను, వీడియోలను, మెసేజ్‌లను దాచండి. "సగం డబ్బు బయట పంపిస్తా, కేసు వదిలేయ్" అని అతనే మెసేజ్ పెడితే జవాబు ఇవ్వకండి.

"నాకే ఇలా ఎందుకు జరిగింది" అన్న ఆలోచన మీ పోస్టులో కనపడింది, అందుకే ఇది. 2023కు అమెరికా నేషనల్ రిటైల్ ఫెడరేషన్ వేసిన లెక్కలో వెనక్కి వచ్చిన సరుకు 743 బిలియన్ డాలర్లు, అందులో 13.7 శాతం మోసం. అదే ఏడాది డిసెంబర్‌లో అమెజాన్ 'రెక్' అన్న ముఠా మీద కోర్టుకెళ్ళింది. వస్తువు ఉంచుకుని రీఫండ్ ఇప్పించడమే వాళ్ళ వ్యాపారం, వస్తువు ధరలో ఇంత శాతం అని ఫీజు తీసుకునేవాళ్ళు. టెలిగ్రామ్‌లో వాళ్ళ వెనక 30,000 మందికి పైగా ఉన్నారని ఆ దావాలో ఉంది. మీరు అమాయకులై మోసపోలేదండి. అవతల కొందరు దీన్ని వృత్తిగా నేర్చుకుని వస్తున్నారు.

మెరుపు22

సారీ అన్నా, తొందరపడి రాశాను. అప్పీల్ ఏమైందో తప్పకుండా చెప్పు.

పాతలెన్స్

పదకొండు రోజుల తర్వాత రాస్తున్నాను. తమ్ముడూ, సారీ ఎందుకు, ఆ రోజు నాకూ అదే చేయాలనిపించింది.

అప్పీల్ ఒక పేజీలో రాశాను. మొదటి వాక్యం క్లెయిమ్‌డెస్క్ గారు చెప్పిందే. ఇంకో టకుమార్ రింగ్ విప్పిన ఫొటో, కుడి ఎడమ ఫొటోలు, రెండు మెసేజ్‌లు, స్క్రూ తలల ఫొటోలు. గైగర్ కౌంటర్ వీడియో కూడా. ల్యాబ్‌లో మేడమ్ లెన్స్ దగ్గరికి పరికరం తేగానే అది టిక్కుటిక్కుమని గోల పెట్టింది. ఆ చప్పుడు విని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా మాట నిజమని ఎవరో గట్టిగా చెప్పినట్టనిపించింది.

నిన్న జవాబు వచ్చింది. "మీ అప్పీల్ ఆమోదించబడింది." డబ్బు సైట్ తన ఖాతాలోంచి ఇచ్చింది, రాను పోను కొరియర్ ఖర్చు మినహాయించి. బయ్యర్‌ను ఏం చేశారో చెప్పలేదు, అడిగితే గోప్యత అన్నారు. అతని ప్రొఫైల్ ఇంకా కనపడుతోంది. లెన్స్ తిరిగి వచ్చే దారి లేదన్నారు.

బోర్డులమ్మి గారూ, మొన్నటినుంచి కట్టే వీడియో మొదలుపెట్టాను. యూవీ గుర్తు మౌంట్ లోపలి అంచు మీద పెడుతున్నాను, అక్కడ చేయి తగలదు, చెరగదు. ఒక్కో పార్సిల్‌కు ఎనిమిది నిమిషాలు ఎక్కువ పడుతోంది. కొనేవాడు గారూ, ఆ ప్రశ్న మీరు అడగకపోతే నేను మళ్ళీ మూడు పేజీలు రాసి ఓడిపోయేవాణ్ణి.

ఒక సాయం కావాలి. నా లెన్స్ రింగ్ నా దగ్గరే ఉండిపోయింది కాబట్టి, ఆ లెన్స్ ఇప్పుడు ఏడు ఎలిమెంట్ల దాని రింగ్ తొడుక్కుని ఎక్కడో ఉంది. ఎప్పుడో ఒకప్పుడు అమ్మకానికి వస్తుంది. ఎర్ర గుర్తు 4కు కుడివైపు ఉండి, గాజులో పసుపు లేకుండా ఉండి, నంబర్ మాత్రం తర్వాతి కాలపు పెద్ద నంబర్‌గా కనిపిస్తే, వెనక మౌంట్ దగ్గర చూడండి. మూడు స్క్రూలలో ఒకదాని తల మీద అర్ధచంద్రం లాంటి గీత ఉంటుంది. మొదటిసారి విప్పినప్పుడు నా స్క్రూడ్రైవర్ జారి పడిన గీత అది. కనపడితే ఇక్కడ ఒక్క మాట రాయండి.